ఏడు నెలల స్వర్గంలో వంటెవరు చేశారు?

ఫ్రూట్‌ల్యాండ్స్ గురించి ఎవరు చెప్పినా నవ్వుతూనే చెబుతారు. 1843లో కొందరు పెద్దమనుషులు మసాచుసెట్స్‌లో ఒక కొండవాలున పొలం కొన్నారు. లోకాన్ని అక్కణ్ణుంచి బాగుచేద్దామనుకున్నారు. మాంసం, పాలు, వెన్న, గుడ్లు, తేనె ముట్టకూడదు. ఎద్దుని కాడికి కట్టకూడదు. తోలు చెప్పులొద్దు, ఉన్ని వద్దు, పట్టు వద్దు, పత్తి అసలే వద్దు. పొలానికి పేడ వేయడం కూడా అపవిత్రమే. పేరులో పళ్ళున్నాయి గానీ పొలంలో ఉన్నవి పదో ఏమో ముసలి ఆపిల్ చెట్లు. జూన్ 1న దిగారు, జనవరి మధ్యకల్లా బిచాణా ఎత్తేశారు. చెప్పేవాడు ఇక్కడ ఆగి నవ్వుతాడు, వినేవాడూ నవ్వుతాడు.

నవ్వితే నాకేమీ అభ్యంతరం లేదు. నవ్వాల్సిన చోట కాకుండా ఇంకో చోట నవ్వుతున్నారన్నదే నా ఫిర్యాదు. వాళ్ళ నియమాల్లో సగానికి పైగా నవ్వదగ్గవి కావు. ఆ నియమాలు నిలబడటానికి పొద్దున్నే లేచి ఎవరు నడుం వంచారో చూస్తే మాత్రం నవ్వు పోయి కోపం వస్తుంది. చాలామంది అంతవరకూ వెళ్ళరు.

మేముండేది లోవెల్ దగ్గర. ఆ పొలం ఇప్పుడు మ్యూజియం, అది ఉన్న ఊరి పేరు హార్వర్డ్. "నాన్నని హార్వర్డ్ తీసుకెళ్తున్నా" అని ఫోన్‌లో చెప్తే మా పిన్ని వీధిలో పదిమందికి చెప్పేసింది. యూనివర్సిటీ ఉన్నది కేంబ్రిడ్జ్‌లో, ఇది ఆపిల్ తోటల మధ్య ఉన్న చిన్న ఊరు అని చెప్పి ఆవిడ సంతోషం పాడుచేయడం దేనికని ఊరుకున్నాను. సెప్టెంబరొస్తే ఈ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళంతా పిల్లల్ని కార్లో వేసుకుని ఆపిల్స్ కోయడానికి వచ్చేది ఈ వైపుకే. హార్వర్డ్, బోల్టన్, స్టో, ఎటు తిరిగినా తోటలే. సంచులు నింపుకుని, సైడర్ డోనట్లు తిని, చెట్టు కింద ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. ఆ తోటలకి అంత దగ్గర్లో పళ్ళు తిని బతుకుదామనుకున్నవాళ్ళ ఇల్లు ఒకటుందని చెప్తే మా ఫ్రెండ్స్‌లో ఎక్కువమంది అవునా అన్నారు.

ప్రాస్పెక్ట్ హిల్ రోడ్డు మీద కారు దిగగానే పడమటి వైపు లోయంతా పరుచుకుని కనిపిస్తుంది. కింద నాషువా నది పల్లం, దాని అవతల వాచుసెట్ కొండ. ఆ దృశ్యం కోసమే అయినా రావచ్చు. బొమ్మల గ్యాలరీలూ మిగతా ప్రదర్శనలూ ఒక ఎత్తు, కింద ఉన్న ముదురెరుపు చెక్క ఇల్లు ఒక ఎత్తు. గడ్డి వాలు దిగి ఆ ఇంటి దగ్గరికి వెళ్ళాలి. నాన్న ఇంటి వైపు చూడలేదు, నేల వైపు చూశాడు. పర్చూరు దగ్గర జీవితమంతా పత్తి, మిరప, శనగ వేసిన మనిషి. చెప్పు కొసతో గడ్డి పక్కకి జరిపి మట్టి కాస్త గీకాడు.

"జూన్ ఒకటిన దిగారంటివి. దుక్కులెప్పుడైనయ్యి మరి?"

"దిగాకే, నాన్నా."

"ఎడ్లు లేకుండానా?"

"పారలతో మొదలుపెట్టారంట."

ఆయన వాలు పైనుంచి కింది దాకా ఒకసారి చూశాడు. "తొంభై ఎకరాలు" అన్నాడు, నాతో కాదు.

ఆ తర్వాత నేను చదివినవన్నీ ఆయన ప్రశ్న చుట్టూనే తిరిగాయి. ఇక్కడ మంచు భయం పోయేది మే నెల నడిమికి. మొక్కజొన్న మేలో పడాలి. శరదృతువు రాగానే మళ్ళీ మంచు పట్టుకుంటుంది. మధ్యలో ఉన్న ఆ నాలుగైదు నెలలే రైతు సంవత్సరం. జూన్‌లో సామాన్లు దించి అప్పుడు దున్నడం మొదలుపెట్టినవాడికి అదును అప్పటికే జారిపోయింది. మొక్కజొన్న, రై, ఓట్లు, బార్లీ, చిక్కుళ్ళు, బంగాళాదుంపలు, క్యారట్లు, పుచ్చకాయలు అన్నీ వేశారు. చేతిపారలతో పని సాగక చివరికి జోసెఫ్ పామర్ అనే మనిషి పశువుల్ని తోలుకొచ్చి నాగలి కట్టాడు. ఆ జతలో ఒకటి ఎద్దు, రెండోది ఆవు అని, మన తత్వవేత్తలకి ఆ సంగతి తెలియడానికి కొంతకాలం పట్టిందని ఆ ఇంట్లో పదేళ్ళ పిల్లగా ఉన్న లూయిసా పెద్దయ్యాక రాసిన కథలో ఉంది. పామర్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

నాన్నకి మింగుడుపడనిది పేడ సంగతి. మన దగ్గర ప్రకృతి వ్యవసాయం అంటేనే జీవామృతం, జీవామృతం అంటేనే ఆవుపేడ, ఆవుమూత్రం. ఇక్కడేమో పశువు నుంచి వచ్చిందేదీ నేలకి తగలకూడదని క్లోవర్ లాంటి పచ్చిరొట్ట కలియదున్నుదామన్నారు. "పచ్చిరొట్ట మంచిదే. ఈ ఏడు దున్నితే వచ్చే ఏడుకి ఉపయోగం. ఈ ఏడు ఏం తింటారు?" అన్నాడు. ఆ ప్రశ్న 1843లో ఆ మగవాళ్ళలో ఎవరూ గట్టిగా అడిగినట్టు లేదు.

ఎవరీ మగవాళ్ళు? మొదటివాడు బ్రాన్సన్ ఆల్కాట్. 1799లో కనెక్టికట్‌లో రైతు ఇంట పుట్టాడు. కుర్రతనంలో దక్షిణాది రాష్ట్రాల్లో ఇంటింటికీ తిరిగి సామాన్లు అమ్మాడు. తర్వాత బడిపంతులయ్యాడు. 1834లో బోస్టన్‌లో పెట్టిన బడిలో పిల్లల్ని కొట్టకుండా, బట్టీ పట్టించకుండా, ప్రశ్నలడిగి వాళ్ళ చేతే చెప్పించేవాడు. ఇవాళ మనం ఫీజులు పోసి వెతుక్కునే బడి అది. బైబిల్ మీద పిల్లలతో మాట్లాడిన మాటలు అచ్చు వేయించినందుకు పట్నం గోలపెట్టింది. పిల్లలు తగ్గిపోయారు. ఆ తర్వాత ఒక నల్లజాతి పాపని చేర్చుకుంటే ఉన్న కొద్దిమంది తల్లిదండ్రులూ పిల్లల్ని మాన్పించారు. ఆయన మాత్రం ఆ పాపని పంపేయలేదు. ఆల్కాట్‌ని ఎగతాళి చేసే ముందు ఈ ఒక్క సంగతి తెలుసుకోవాలి. మనిషి పిరికివాడు కాదు, మోసగాడూ కాదు.

రెండోవాడు చార్లెస్ లేన్, ఇంగ్లండ్ మనిషి. లండన్‌లో వ్యాపార ధరల పత్రిక నడిపినవాడు కాబట్టి చేతిలో కొంత డబ్బుంది. లండన్ దగ్గర హామ్ అనే చోట ఆల్కాట్ పేరుతోనే ఒక బడి నడిచేది. స్నేహితుడూ రచయితా అయిన ఎమర్సన్ ఇచ్చిన ఖర్చులతో ఆల్కాట్ 1842లో అక్కడికి వెళ్ళి, వచ్చేటప్పుడు లేన్‌నీ అతని కొడుకునీ వెంటబెట్టుకొచ్చాడు. పొలం ధర 1,800 డాలర్లు. ఎక్కువ భాగం లేన్ ఇచ్చాడు. మిగిలిన దానికి ఆల్కాట్ భార్య అన్న శామ్యూల్ మే వాయిదాల మీద కడతానని హామీ పడ్డాడు. అంటే ఆస్తిని దోపిడీ అన్నవాళ్ళ స్వర్గం ఒక మగవాడి పొదుపు మీదా, ఒక ఆడమనిషి పుట్టింటి హామీ మీదా లేచింది. ఎమర్సన్ మాత్రం చేరలేదు. జూలైలో వచ్చి చూసి వెళ్ళి డైరీలో రాసుకున్నాడు: జూలైలో బాగానే ఉన్నారు, డిసెంబరులో చూద్దాం అని. స్నేహితుడి గురించి అంత కచ్చితంగా ముందే రాసిపెట్టుకోవడం నాకెందుకో నచ్చదు. మాట మాత్రం అక్షరాలా నిజమైంది.

ఇప్పుడు నియమాల దగ్గరికి వద్దాం. జనం పగలబడి నవ్వేది ఇక్కడే.

పత్తి ఎందుకు వద్దన్నారు? 1843లో అమెరికా పత్తి అంటే బానిసలు పండించిన పత్తి. చక్కెర, మొలాసిస్, బియ్యం కూడా ఆ చేతుల మీదుగానే వచ్చేవి. అందుకే అవీ మానేశారు. టీ, కాఫీ లేవు. దీపానికి తిమింగలం నూనె లేదు. బట్టలు లినెన్‌వి, చెప్పులు కాన్వాస్‌వి. పిచ్చా ఇది? మా ఇంటికి దగ్గర్లో లోవెల్ మిల్లులున్నాయి. ఇప్పుడు కొన్ని అపార్ట్‌మెంట్లయ్యాయి, ఒకటి మ్యూజియమైంది. దక్షిణాది పత్తి ఆ మిల్లులకి వచ్చేది, పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు పొద్దస్తమానం మగ్గాల దగ్గర నిలబడి నేసేవాళ్ళు. అక్కడ నేసిన ముతక గుడ్డ మళ్ళీ దక్షిణాదికే పోయి బానిసల ఒంటి మీదికెక్కేది. దానికి లోవెల్ క్లాత్ అని పేరే పడిపోయింది. మసాచుసెట్స్‌లో పెద్దమనుషులు బానిసత్వం తప్పని సభల్లో ఉపన్యాసాలిస్తూ ఆ పత్తి చొక్కాలే తొడుక్కునేవాళ్ళు. ఈ కొండవాలు మీద ఉన్న గుప్పెడు మంది మాత్రం తొడుక్కోం అన్నారు. ఇందులో నవ్వాల్సింది ఎవరిని చూసి?

పత్తి మాటొస్తే నేను కూడా ఊరికే ఉండలేను. మన కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు సంకర పత్తి విత్తనం పండించే పొలాల్లో బడికెళ్ళే వయసు ఆడపిల్లలు ఒక్కొక్క పువ్వునీ వేళ్ళతో విప్పి, మగ పువ్వు పుప్పొడి అద్దుతూ సీజనంతా గడిపేవాళ్ళని ఎన్నేళ్ళుగానో రిపోర్టులొచ్చాయి, పేపర్లలో వచ్చింది, కేసులయ్యాయి. మా ఇంటికొచ్చిన విత్తనం ప్యాకెట్లు అలాంటి పొలాల నుంచి రాలేదని చెప్పలేం. ఆ పత్తి మీదే నా చదువు నడిచింది. కాబట్టి "వీళ్ళు పత్తి కూడా మానేశారంట" అని ఎవరైనా నవ్వితే నాకు నవ్వు కలవదు. ఏది ఎవరి చేతుల్లోంచి వచ్చిందో చూసుకుని వాడదామన్న ఆలోచన వాళ్ళకి మనకన్నా చాలా ముందే వచ్చింది. వేగన్ అని బోర్డు పెట్టి ఇవాళ అమ్మేవాటిలో సగం వాళ్ళ జాబితాలోనివే.

మరి తేడా ఎక్కడ కొట్టింది?

వంటగదిలో. కిందింట్లో నేను ఎక్కువసేపు నిలబడ్డది అక్కడే. గది పెద్దది కాదు. పొయ్యి గూడు నల్లగా, నోరు తెరుచుకుని ఉంటుంది. పైన అటక, దాని కప్పు ఇంకా తక్కువ, ఆల్కాట్ ఆడపిల్లలు పడుకున్నది అక్కడే. మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. చీర కట్టుకుని, చేతిలో దీపంతో ఎక్కాలంటే ఎలా అనిపించింది నాకు. అక్కడి ఆడవాళ్ళవి కింద దాకా ఉండే గౌన్లు, తేడా ఏమంత లేదు.

ఆ ఇంట్లో పెద్దావిడ అబిగేల్, అందరూ అబ్బా అనేవాళ్ళు, ఆల్కాట్ భార్య. నలుగురు కూతుళ్ళు: పన్నెండేళ్ళ ఆనా, పదేళ్ళ లూయిసా, ఎనిమిది నిండబోతున్న ఎలిజబెత్, మూడు కూడా నిండని చిన్న మే. వీళ్ళు కాక లేన్, అతని కొడుకు, ఇంకా వస్తూ పోతూ ఉండే ఆదర్శవాదులు. ఒకాయన ఒక ఏడాదంతా క్రాకర్లు తిని, ఇంకో ఏడాదంతా ఆపిల్స్ తిని బతికానని చెప్పుకునేవాడు. ఇంకొకాయనకి బట్టలే బంధనం. వీళ్ళు కాక వింత చూడటానికొచ్చే చుట్టాలూ పక్కాలూ. అందరికీ మూడు పూటలా రొట్టె, గంజి, కూరగాయలు, పళ్ళు. వెన్న లేదు, పాలు లేవు, తీపి లేదు, పసిపిల్లకి కూడా లేదు. లినెన్ బట్టలు ఉతకాలి, కుట్టాలి. తోడుగా ఉన్న ఆడమనిషి ఆన్ పేజ్ ఒక్కతే. ఆవిడ కూడా ఎన్నాళ్ళో ఉండలేదు. పక్కింట్లో చేపతోక తిన్నందుకు వెళ్ళగొట్టారని లూయిసా కథలో ఉంటుంది. అదే కథలో ఒక అతిథి అడుగుతాడు, ఇక్కడ బరువు మోసే పశువులేమైనా ఉన్నాయా అని. "ఒక్క ఆడమనిషి మాత్రమే" అని జవాబు.

మా ఊళ్ళో కరణంగారింట్లో మడి ఇలాగే ఉండేది. పట్టుపంచె కట్టుకుని పీట మీద కూర్చునేది ఆయన. తెల్లవారుజామున తడిబట్టతో బావి దగ్గర నీళ్ళు తోడి, పిల్లలు తాకుతారేమోనని భయపడుతూ, ఎవరూ తగలకుండా వంట దించేది వాళ్ళావిడ. నిష్ఠ ఎవరిదంటే ఊరంతా కరణంగారిదే అనేది. ఫ్రూట్‌ల్యాండ్స్ మడి ఎందుకు కూలిందో నాకు అక్కడే అర్థమవుతుంది. ఇది తినం, అది కట్టం, ఇది వాడం అనడం మాటల్లో పని. వాడకుండా ఇల్లు గడపడం చేతుల్లో పని. ఆ ఇంట్లో మాటలన్నీ ఒకరి దగ్గరా, చేతులన్నీ ఇంకొకరి దగ్గరా ఉన్నాయి. ఎద్దుకి కాడి వద్దన్నారు, సరే. ఆ కాడి గాల్లో మాయమవదు కదా. ఎవరో ఒకరి మెడ మీద పడాలి.

బార్లీ సంగతి చూడండి. పంట కోసి పొలంలో పడేసి ఉంది. మగవాళ్ళు లేరు. ఆల్కాట్, లేన్ లినెన్ బట్టల్లో ఊళ్ళు తిరిగి ఆదర్శ జీవితం గురించి చెప్పొస్తామని వెళ్ళారు, న్యూయార్క్ దాకా. మబ్బు పట్టింది. ఏడాది గింజలు తడిసిపోతాయని అబ్బా, ముగ్గురు ఆడపిల్లలూ, లేన్ కొడుకూ కలిసి బుట్టలూ దుప్పట్లూ తీసుకుని పరిగెత్తారు. పనలు దుప్పట్లలో వేసి ఈడ్చుకుంటూ ఇంట్లోకి చేర్చారు. ఇదీ లూయిసా చెప్పిందే, కథ రూపంలో. ఇది విన్నాక నాన్న కోప్పడ్డాడు, నిజంగానే. "కోత మీద పంట పెట్టి ఊళ్ళకి పోయినోడు రైతెట్టా అవుతాడు?" ఆయన దృష్టిలో ఫ్రూట్‌ల్యాండ్స్ ఆ రోజుతో అయిపోయింది. మిగతాదంతా సామాన్లు సర్దుకోవడమే.

లూయిసా చిన్నప్పటి డైరీ ముక్కలు కొన్ని మిగిలాయి. సెప్టెంబరు 1న ఐదింటికి లేచి చన్నీళ్ళ స్నానం చేశానని, అది తనకిష్టమని రాసింది. అంట్లు తోమి కొండ మీదికి పరిగెత్తిందట. దేవుడి సృష్టిలో గొప్పదేమిటని తండ్రి అడిగితే ఆనా "మగవాళ్ళు" అందట, తను "పసిపిల్లలు" అందట. మగవాళ్ళు చాలాసార్లు చెడ్డవాళ్ళు, పసిపిల్లలు ఎప్పుడూ కారు, అని కారణం. పదేళ్ళ పిల్ల. తర్వాత ఒకచోట, విడిపోవాలా అని నాన్న మమ్మల్ని అడిగాడు, అమ్మ వెళ్ళిపోదామంది, బాగా అలిసిపోయింది, నాకు ఇక్కడ ఇష్టమే గానీ చదువు చెప్పే భాగమూ మిస్టర్ లేనూ ఇష్టం లేదు, అన్న అర్థంలో రాసింది. పిల్లకి ఆ చోటు మీద కోపం లేదు. కొండ, చెట్లు, పరుగు అన్నీ బాగున్నాయి. నేను నియమాల్ని వెనకేసుకురావడానికి ఇదొక కారణం.

లేన్ కోరింది ఇంకా పెద్దది. కొండకి దగ్గర్లోనే షేకర్ల ఊరుండేది. ఆడామగా విడివిడిగా, పెళ్ళిళ్ళు లేకుండా, ఉమ్మడి ఆస్తితో బతికే క్రైస్తవ సమాజం. వాళ్ళ పొలాలు పండేవి, డబ్బు ఆడేది. లేన్‌కి చూపు అటు తిరిగింది. సొంత కుటుంబం మీద మమకారం ఉన్నంతకాలం పెద్ద కుటుంబం కుదరదన్నాడు. భార్యనీ పిల్లల్నీ వదిలించుకోమని సూటిగా అనకపోయినా ఆల్కాట్‌కి అర్థమయ్యేలాగే చెప్పాడు. అబ్బా కూడా ఆగస్టులో షేకర్ల ఊరు చూసొచ్చింది. ఆవిడ డైరీలో రాసుకున్నది వేరు: ఇక్కడెక్కడో దాస్యం ఉంది, నాకు అనుమానం లేదు, మగవాళ్ళు బలిసి నిగనిగలాడుతున్నారు, ఆడవాళ్ళు బిగుసుకుపోయి ఉన్నారు. ఇద్దరూ చూసింది ఒకే ఊరు. ఒకరు తీరైన పొలాలు చూశారు, ఇంకొకరు ముందు మొహాలు చూశారు.

షేకర్ల ఇల్లొకటి ఇప్పుడు ఇదే మ్యూజియంలో ఉంది. హార్వర్డ్ షేకర్ల ఊరు 1918లో మూతపడితే, 1794 నాటి ఆ ఇంటిని 1920లో ఈ కొండ మీదికి తరలించారు. లోపల కుర్చీలు, పెట్టెలు, గోడ పొడుగునా మేకులు, అంతా కడిగిన ముత్యంలా ఉంటుంది. వచ్చినవాళ్ళందరూ ఆ కుర్చీల అందం గురించే మాట్లాడుకుంటారు. నేను అబ్బా డైరీ చదివి వెళ్ళాను కాబట్టి నాకు కుర్చీలు సరిగ్గా కనపడలేదు.

నవంబరు వచ్చేసరికి చలి, ఆకలి, అప్పు మూడూ ఒకేసారి తలుపు తట్టాయి. వాయిదా కట్టనని శామ్యూల్ మే ఉత్తరం రాసేశాడు. అబ్బా లేన్‌తో తేల్చి చెప్పింది: నా పిల్లల్ని తీసుకుని, నా సామాను తీసుకుని వెళ్ళిపోతున్నాను అని. ఆ ఇంట్లో ఆవిడకి ఓటు లేదు గానీ మంచాలూ గిన్నెలూ ఆవిడవి. అవి కదిలితే స్వర్గం కదిలిపోతుందని అప్పుడు తెలిసింది అందరికీ. డిసెంబరు 10న లూయిసా రాసింది: అందరం ఏడ్చాం, నేనూ ఆనా పక్కలో కూడా ఏడ్చాం, మమ్మల్నందర్నీ కలిపి ఉంచమని దేవుణ్ణి వేడుకున్నాను. జనవరి మొదట్లో లేన్ కొడుకుని తీసుకుని షేకర్ల దగ్గరికే పోయాడు. ఆల్కాట్ మంచం పట్టాడు, తిండి మానేశాడు, పోతాడేమో అనుకున్నారు. మెల్లగా తేరుకున్నాడు. కుటుంబమంతా పక్కనే ఉన్న స్టిల్ రివర్‌లో అద్దె గదుల్లోకి మారింది. షేకర్ల దగ్గర కూడా లేన్ నిలవలేదు. ఇంగ్లండ్ వెళ్ళిపోయి, తర్వాత పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కన్నాడు. ఈ ముక్క చదివినప్పుడు నేను గట్టిగానే నవ్వాను, దాచడం దేనికి. ఇంకో కుటుంబాన్ని విడదీయడానికి అంత పట్టు పట్టిన మనిషి కదా.

అబ్బా తర్వాత బోస్టన్‌లో జీతానికి పేదల వాడల్లో పనిచేసింది. లూయిసా 'లిటిల్ విమెన్' నవల రాసి ఇల్లంతటినీ నిలబెట్టింది. ఫ్రూట్‌ల్యాండ్స్ కథ రాసింది 1873లో, అంటే ముప్ఫై ఏళ్ళు ఆగి. నవ్విస్తూనే రాసింది. మనకి అలవాటైన నవ్వు ఆ కథలోంచే వచ్చింది, ఒప్పుకుంటాను. కానీ తల్లి నడుం విరిగే చాకిరీ కూడా ఆ నవ్వులోనే ఉంది. మనం నవ్వు తీసుకుని తల్లిని వదిలేశాం.

ఇక పామర్. నాకు ఈ మొత్తం వ్యవహారంలో నచ్చిన మగవాడు ఇతనే. దగ్గర్లోని ఊళ్ళ రైతు. చేసిన నేరం గడ్డం పెంచడం. 1830 ప్రాంతంలో న్యూ ఇంగ్లండ్‌లో ఎవరూ గడ్డం ఉంచేవాళ్ళు కాదు. ఫిచ్‌బర్గ్‌లో నలుగురు కలిసి పట్టుకుని బలవంతంగా గీయబోతే ఎదురుతిరిగి చాకు తీశాడు. దెబ్బలాట అతని నెత్తినే రుద్ది జరిమానా వేశారు. కట్టనన్నాడు. ఏడాది పైగా వూస్టర్ జైల్లో ఉన్నాడు. ఫ్రూట్‌ల్యాండ్స్ ఆదర్శం నచ్చి వచ్చాడు, పొలం పని బాగా తెలిసినవాడు కాబట్టి దున్నాడు, పశువులు లేకుండా కాదనిపిస్తే నియమాన్ని పక్కనపెట్టి పశువుల్ని తెచ్చాడు. అందరూ వెళ్ళిపోయాక ఆ పొలం తనే కొనుక్కున్నాడు. ఫ్రీలాండ్స్ అని పేరు పెట్టాడు. ఇరవై ఏళ్ళకి పైగా అక్కడే ఉండి, దారిన పోయే దేశదిమ్మరికీ ఇల్లు లేనివాడికీ కాదనకుండా తిండీ పడకా ఇచ్చాడు.

అంటే అదే ఇల్లు, అదే నేల. ఏడు నెలలు నియమం నడిచినప్పుడు ఇంట్లోవాళ్ళకే తిండి చాల్లేదు. నియమం సడలించినవాడి చేతిలో ఇరవై ఏళ్ళు బయటివాళ్ళకి కూడా సరిపోయింది. నన్నడిగితే ఆదర్శ గ్రామం ఏదైనా అక్కడ ఉందంటే అది ఈ రెండోదే.

పామర్ ఇంట్లో మాత్రం వంట ఎవరు చేశారు అని మీరడగొచ్చు. భార్యే చేసి ఉంటుంది, అక్కడ నా వాదన కొంచెం పలచబడుతుంది. కాకపోతే ఆవిడకి పొయ్యి మీద ఏది పెట్టాలో, పిల్లకి పాలు పట్టాలా వద్దా అన్నది ఎవరూ ఉపన్యాసం ఇచ్చి చెప్పలేదు. నాకది చిన్న తేడాగా కనిపించదు. నాన్నకి మాత్రం ఈ గొడవే పట్టలేదు. "పండింది కాబట్టి పెట్టాడు. పండకపోతే నీ పామరూ పెట్టేవాడు కాదు" అన్నాడు తిరిగి వాలు ఎక్కుతూ, ఆయాసపడుతూనే. అది కూడా నిజమే.

మ్యూజియం పెట్టిన క్లారా ఎండికాట్ సియర్స్‌ని తప్పుపట్టడం నాకిష్టం లేదు. బోస్టన్ ధనవంతుల ఇంటి ఆడపడుచు, పెళ్ళి చేసుకోలేదు. ఈ కొండ మీద వేసవి ఇల్లు కట్టుకుని, కిందికి చూస్తే ఈ ఇల్లు పాడుబడి కనిపించింది. కొని, బాగుచేయించి, 1914లో జనానికి తెరిచింది. మరుసటి ఏడు ఉత్తరాలూ డైరీలూ పోగుచేసి పుస్తకం వేసింది. ఆవిడే లేకపోతే ఇవాళ అక్కడ ఏ కాలనీయో లేచి ఉండేది. కానీ ఆ ఇంటికి ఎవరి పేరు పెట్టాలన్నప్పుడు ఆవిడ పామర్ల దశాబ్దాల్ని కాకుండా ఆల్కాట్ ఏడు నెలల్ని ఎంచుకుంది. పుస్తకం పేరు కూడా బ్రాన్సన్ ఆల్కాట్ ఫ్రూట్‌ల్యాండ్సే. మాట్లాడినవాళ్ళవి కాగితాలు మిగులుతాయి, కాగితాలున్నవాళ్ళకి మ్యూజియాలొస్తాయి. పామర్ పెద్దగా రాయలేదు. అతని దగ్గర తిన్నవాళ్ళు అసలే రాసి ఉండరు.

పామర్ సమాధి లెమిన్‌స్టర్‌లో ఉంది. రాయి మీద అతని మొహం, పెద్ద గడ్డంతో సహా చెక్కించి, గడ్డం ఉంచుకున్నందుకు హింసలు పడ్డవాడు అని రాయించారు. జైలు గుర్తుంది, గడ్డం గుర్తుంది. అన్నం పెట్టిన సంగతి అక్కడా రాయలేదు.